నోట్లో గుండుసూదులు

డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట ఒక్కటే, తిను అనకూడదు. తిను అనకూడదు, తిన్నావా అనకూడదు, ప్లేటు వంక చూడకూడదు, తలుపు పక్కన సర్ది పెట్టిన సంచీ వంక అసలే చూడకూడదు. ఎదురుగా కూర్చోవాలి, ఏవో కబుర్లు చెప్పాలి, ఎంతసేపైతే అంతసేపు. ఇదేం వైద్యం, అంత చదువు చదివింది కూర్చోమని చెప్పడానికా అనుకుంది అప్పుడు ఆ తల్లి. ఇప్పుడు కూర్చుంది. వారం నుంచీ కూర్చుంటూనే ఉంది. బట్టలు కుట్టే మనిషికి కూర్చోవడం కొత్త కాదు, రోజంతా మిషను ముందే కదా బతుకు, కానీ చేతిలో ఏ పనీ లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఈ వారంలోనే తెలిసొచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా పదిహేనేళ్ల కూతురు, కూతురి ముందు ప్లేటు, ప్లేటులో వెన్న రాసిన రొట్టె ముక్కలు రెండు, ఉడికించిన గుడ్డు ఒకటి, ఒక అరటిపండు, పక్కన గ్లాసుడు పాలు. ఏ ఇంట్లోనైనా పిల్లలు బస్సు వెళ్లిపోతోందని నిలబడే మింగేసి పరుగెత్తే తిండి. దానికోసం ఇవాళ ఈ ఇంట్లో తండ్రి పని మానుకున్నాడు. లోపలికి రావద్దన్నారు కనుక రాకుండా, చెవులు మాత్రం లోపలే ఉంచి, బయట మెట్ల మీద కూర్చున్నాడు. వారమంతా పిల్ల సగం సగమే తింది. ఇవాళ పొద్దుటిదైనా పూర్తిగా తినగలిగితే ఇంట్లోనే ఉంచుకుని చూద్దాం, లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకోక తప్పదు అంది డాక్టరమ్మ. చేర్చుకుంటే ఎన్నాళ్లో చెప్పలేరు. తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు. ఆ మాట పిల్ల ముందే అంది, పిల్ల గోడ మీది బొమ్మ చూస్తూ వింది.

అమ్మాయి రొట్టె తుంచుతోంది. తుంచిన ముక్కను మళ్లీ తుంచుతోంది. ఎంత చిన్నగా తుంచుతోందంటే ఇంకాస్త పట్టుదలగా తుంచితే రొట్టె మాయమైపోతుందేమో, అదే దాని ఆలోచనేమో. చూడకూడదు. తల్లి కిటికీ వంక చూసింది. కిటికీ అద్దం మీద నిన్నటి వాన మరకలున్నాయి, తుడవాలి, ఎవరు తుడుస్తారు, దుకాణం మూసి వారమైంది, తీసుకున్న బట్టలన్నీ బల్ల మీద కుప్పగా పడున్నాయి, ఎవరో ఒకావిడ రోజూ ఫోను చేస్తోంది. కబుర్లు చెప్పాలి. ఏం చెప్పాలి. తిండి గురించి తప్ప ఏదైనా చెప్పొచ్చు అన్నారుగానీ, ఒక ఇంట్లో తల్లీ కూతుళ్లు మాట్లాడుకునేది తీసి చూస్తే తిండి గురించి కానిది ఎంత మిగులుతుంది.

"మీ నాన్న పక్కింటి పిల్లితో మాట్లాడుతున్నాడు" అంది చివరికి.

"ఏమంటోంది పిల్లి?"

"దానికి మాట్లాడే సందు ఎక్కడిస్తున్నాడు ఆయన."

అమ్మాయి నవ్వలేదుగానీ ఒక ముక్క నోట్లో వేసుకుంది. తల్లి గుండె ఆ ముక్కతోపాటు దాని నోట్లోకి వెళ్లి, నమిలినంతసేపూ అక్కడే ఉండి, గొంతు దిగాక గానీ వెనక్కి రాలేదు.

ఒక్క మాటతో వచ్చే జబ్బు కాదమ్మా ఇది, ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ కూర్చుంటే ఎటూ తేలదు, ఇకముందు ఏం చేయాలో చూడండి అంది డాక్టరమ్మ. చెప్పడం సులువే. గౌను ఒంటికి అతకకపోతే టైలరు ఏం చేస్తుంది, ఎక్కడ తప్పు పడిందో అక్కడిదాకా కుట్లు విప్పుకుంటూ పోతుంది. ఇన్నేళ్లుగా చేతికి తెలిసింది అదొక్కటే. అందుకే వద్దన్నా విప్పుతోంది. మొదట ఆయన మీద పెట్టింది నెపం. పుట్టినప్పుడు బొద్దుగా ఉండేదని ఆయన దాన్ని బుడంకాయ్ అనేవాడు, పదమూడేళ్లొచ్చినా అలాగే పిలిచేవాడు, బస్సు దగ్గర స్నేహితురాళ్ల ముందు కూడా. మీరే, మీ నోటి దూలే దాన్నిలా చేసింది అని మొన్న వంటింట్లో ఆయన మీద విరుచుకుపడింది. ఆ పెద్దమనిషి ఎదురు చెప్పలేదు, నీళ్లు నమల్లేదు, తలుపు పట్టుకుని నిలబడి, అయ్యుంటుంది అన్నాడు. అప్పట్నుంచి ఆయన కూతుర్ని ఏమని పిలవాలో తెలియక ఏమనీ పిలవడం లేదు. అది చూస్తే ఇంకా కడుపు తరుక్కుపోతోంది. తర్వాత ఫోను మీద పెట్టింది, బళ్లో పిల్లల మీద పెట్టింది, ఈ కాలం మీద పెట్టింది. ఎవరి మీద పెట్టినా అతకలేదు. అతకని తప్పులన్నీ తిరిగి తిరిగి తను కుట్టిన ఆ బడి స్కర్టు దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి.

స్కర్టు సంగతి కాదు ముందు, చక్కెర. ముందు చక్కెర మానేసింది. నేనిక ఆరోగ్యకరమైన తిండే తింటానమ్మా అంది ఒక ఆదివారం. అబ్బో, మా తల్లే, అనుకుని ఈవిడ పొంగిపోయింది. పక్కవాళ్ల పిల్లలు చిప్సు పొట్లాల్లో తలలు దూర్చి బతుకుతుంటే తన కూతురు ఆకుకూరలు కడుక్కుంటోంది, డబ్బాల వెనక అచ్చు వేసిన చిన్న అక్షరాలు చదువుతోంది, ఏది మంచిదో ఏది కాదో ఇంటిల్లిపాదికీ పాఠం చెబుతోంది. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది, మా అమ్మాయికి ఒంటి మీద ఎంత శ్రద్ధనుకున్నారు. చక్కెర తర్వాత వెన్న. వెన్న తర్వాత మాంసం, పాపం మూగజీవాలు అంది, జాలిగుండె అని దానికీ మురిసిపోయారు. తర్వాత పాలు, పడట్లేదు అంది. తర్వాత రొట్టె. ఒక్కొక్కటీ మానేటప్పుడు ఒక్కొక్క మంచి కారణం ఉండేది. అన్నీ మానేశాక ప్లేటులో ఏం మిగిలిందో చూడాలన్న ఆలోచన ఇంత పెద్ద మనిషికి రాలేదు. మంచి మాటలు చెబుతూ మాయమైపోతున్న పిల్లను ఎవరు పట్టుకుంటారు. అల్లరి చేస్తే పట్టుకుంటారు, అబద్ధమాడితే పట్టుకుంటారు, ఇది మాత్రం క్లాసులో మొదటి బెంచీ పిల్లలా బుద్ధిగా మాయమైంది.

అబద్ధం కూడా ఆడింది, ఆడకపోలేదు. పొద్దున ఇంట్లో టైమ్ లేదమ్మా, డబ్బాలో పెట్టివ్వు, బస్సులో తింటాను అనేది. పెట్టిచ్చేది. సాయంత్రానికి డబ్బా ఖాళీగా వచ్చేది, ఖాళీగా కూడా కాదు, కడిగి వచ్చేది. చూశావా, తిన్న డబ్బా తనే కడిగి తెస్తోంది, మనం చెప్పకుండానే, అని ఆయనతో ఈ కుర్చీలోనే కూర్చుని అంది, కాదు, నిలబడి అంది. బస్సు డ్రైవరు మొన్న చెప్పాడు, మీ పాప డబ్బా రోజూ నాకే ఇచ్చేదమ్మా, నాకు ఇంట్లో వండేవాళ్లు లేరని ఇస్తోందనుకున్నాను, దేవుడు చల్లగా చూడాలి అనుకునేవాణ్ణి అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఏమంటుంది ఆ డ్రైవర్ని. ఈవిడ ప్రేమగా వెన్న రాసి మడిచి పెట్టిన రొట్టెలు తిని ఆ మనిషి ఒళ్లు చేశాడు కూడా.

గుడ్డు పెంకు మీద గోరు తగిలిన చప్పుడు. చూడకూడదు. చిన్న చిన్న పెంకులు ఒక్కొక్కటీ ప్లేటు అంచున పెడుతోంది, వరుసగా. గుడ్డు వలవడానికి ఇంత ఓపికా. మునివేళ్లు నీలంగా ఉన్నాయి, ఎండాకాలంలో కూడా స్వెటరు వేసుకుని కూర్చుంటుంది. ముంజేతి మీద సన్నని నూగు మొలిచింది. ఒంటికి కప్పుకోవడానికి ఏమీ లేకపోతే ఒళ్లే అలా కప్పుకుంటుందమ్మా అంది డాక్టరమ్మ. బట్టలు కుట్టే తల్లి ఇంట్లో పుట్టి, కప్పుకోవడానికి ఏమీ లేకపోవడం.

ఎదిగే పిల్లల బట్టలు కుట్టేటప్పుడు లోపల బట్ట వదిలి కుట్టాలి. ఎవరూ చెప్పకుండానే ఏ టైలరైనా చేసే పని అది. నడుం దగ్గర, పక్కల్లో, కింద అంచులో, దాచిపెట్టినట్టు కొంచెం కొంచెం వదిలితే పిల్ల ఎదిగేకొద్దీ విప్పుకుంటూ పోవచ్చు. బడి తెరిచేముందు కూతురికి స్కర్టు అలాగే కుట్టింది, రెండేళ్లు రావాలని. ఒకరోజు పొద్దున అమ్మాయి వచ్చి, అమ్మా నడుం దగ్గర జారుతోంది, కొంచెం బిగించవా అంది. బిగించింది. పొడుగవుతున్నప్పుడు సన్నబడతారులే అనుకుంది. అక్క చూడ్డానికొచ్చి, పిల్లను దగ్గరికి తీసుకుని, ఏమిటే చేతికి వీపంతా ఎముకలే తగులుతున్నాయి అంటే, పొడుగవుతోందక్కా అని అక్కకూ అదే చెప్పింది. మళ్లీ వచ్చింది పిల్ల, మళ్లీ బిగించింది. మళ్లీ. ఇక్కడే మనసు ఆగిపోతుంది ప్రతిసారీ, ఇక్కడ ఇంకో సంగతి ఉంది, అది డాక్టరమ్మకు చెప్పలేదు, ఆయనకు చెప్పలేదు. ఆ పొద్దులు బాగుండేవి. ఆ వయసు పిల్లలు తల్లి దగ్గర నిలబడతారా, పిలిస్తే విసుక్కుంటారు, ముట్టుకుంటే జరిగిపోతారు, గది తలుపు వేసుకుంటారు. అలాంటిది స్కర్టు బిగించేటప్పుడు మాత్రం అమ్మాయి కిటికీ ముందు చేతులు కొంచెం ఎత్తి కదలకుండా నిలబడేది, తల్లి మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ తిరుగుతూ గుండుసూదులు గుచ్చేది, అమ్మాయి జుట్టు వాసన వచ్చేది, చిన్నప్పటిలా. ఒకసారి చెయ్యి తల్లి భుజం మీద వేసి నిలబడింది. ఎంత సంతోషమేసిందో. ఆ చెయ్యి ఎందుకు వేసిందో ఇప్పుడు తెలుసు, కళ్లు తిరిగి. అప్పుడు మాత్రం ప్రేమ అనుకుంది, మళ్లీ ఎప్పుడు వదులవుతుందా ఈ స్కర్టు అని మనసులో ఒక మూల ఎదురుచూసింది కూడా. అడగలేదా అంటే, ఎలా అడుగుతుంది. నోట్లో గుండుసూదులున్నాయి. అలవాటు, పెదాల మధ్య పట్టుకుంటేగానీ పని సాగదు, పట్టుకుంటే మాట రాదు. పిల్ల ఏదో అనేది, ఈవిడ ఊఁ అనేది. ఒకరోజు, అమ్మా నేను బాగున్నానా అంది. ఊఁ అంది.

ఊఁ అంది. సూదులు తీసి పక్కన పెట్టి ఉంటే.

వెనక కుట్టు దగ్గరే లోపలికి తీస్తూ వచ్చింది కనుక పక్కల ఉండాల్సిన జేబులు రెండూ వెనక్కి జరిగాయి. జరిగి జరిగి, చివరిసారి కొలిచేటప్పటికి వెనకాల ఒకదాన్నొకటి తగిలేటంత దగ్గరికి వచ్చేశాయి. చూసింది. తన కళ్లతో చూసింది, టేపు కూడా పట్టుకుంది. మతి ఉన్న ఏ తల్లికైనా గుండె గుభేలుమనాలి. ఈ మహాతల్లి ఏమనుకుంది, అయ్యో జేబులు పాడైపోయాయే, ఇక కుట్లు తీస్తే లాభం లేదు, మొత్తం విప్పి కొత్తగా కత్తిరించాలి అనుకుంది. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని విప్పి, కత్తిరించి, జేబులు ఎక్కడ ఉండాలో అక్కడికి తెచ్చింది. పని ఎంత చక్కగా కుదిరిందంటే ఎత్తి పట్టుకుని వెలుతురులో చూసుకుంది. మిగిలిన బట్ట పీలికలు చెత్తబుట్టలో వేసింది. ఆ స్కర్టులోనే అమ్మాయి బళ్లో పొద్దుటి వరుసలో నిలబడి కుప్పకూలింది. బడివాళ్లు ఫోను చేసేటప్పటికి ఈవిడ ఎవరిదో గౌను బిగిస్తోంది, నోట్లో సూదులుంటే ఫోను ఎత్తలేదు, రెండోసారి మోగితే ఎత్తింది.

గుడ్డు సగం అయింది. పచ్చసొన పక్కకు పెట్టింది. పాలు ముట్టుకోలేదు. ఫ్రిజ్ మోగి ఆగింది. కబుర్లు. కబుర్లేమైపోయాయి.

"దుకాణంలో ఎలక తిరుగుతోంది" అంది తల్లి. "నీ బల్ల కింద. నువ్వు హోంవర్కు చేసుకునేదానివి చూడు, అక్కడ."

"గుర్తుంది" అంది అమ్మాయి. "అక్కడ కూర్చుంటే అందరి కాళ్లే కనబడేవి."

కాళ్లే కనబడేవి, మాటలన్నీ వినబడేవి. బొడ్డు ఊడని వయసు నుంచీ అది ఆ కత్తిరించే బల్ల కింద పెరిగింది. పైన ఎవరు వచ్చినా, టీచరు గానీ, నర్సు గానీ, పెళ్లికూతురు గానీ, టేపు నడుం చుట్టూ వేయగానే అందరిదీ ఒకటే పాట. అబ్బ చూడకండి, సిగ్గేస్తోంది. ఈమధ్య ఒళ్లొచ్చేసిందండీ. ఒక అంగుళం తగ్గించే కుట్టండి, అప్పటికి తగ్గిపోతాను. పొట్ట కనబడకుండా ఏదైనా చేయండి. ఈవిడ ఏం చేసేది, నవ్వేది, మీకేం తక్కువండీ అనేది, వాళ్లు వెళ్లాక బల్ల కిందకి వంగి, ఆవిడ తగ్గదు, నేను వదులుగానే కుడతాను అని కూతురితో గుసగుసగా చెప్పి ఇద్దరూ కిలకిల నవ్వుకునేవాళ్లు. కూతురితో పంచుకున్న పరాచికం అనుకుంది. చదువు చెబుతోందని అనుకోలేదు. ఆడమనిషి నడుం అంటే ఎదుటివాళ్లకు క్షమాపణ చెప్పుకోవాల్సిన వస్తువు అని, అక్షరాలు రాకముందే దానికి వచ్చేసింది. ఇదే అయ్యుంటుంది. ఇదే, స్కర్టు కాదు, బుడంకాయ్ కాదు, ఫోను కాదు. దొరికింది అనుకుంది తల్లి, తప్పు దొరికితే కలిగే ఆ పాడు ఊరట కూడా కలిగింది. దుకాణం మార్చేస్తాను, ఇల్లు వేరు దుకాణం వేరు చేస్తాను, నా ముందు ఎవరూ ఆ మాట అనకూడదని గోడ మీద రాసి పెడతాను. ఇంకా ఏమేమో చేసేసేదే.

"నీ ప్లేటేది?" అంది అమ్మాయి.

"ఆఁ?"

"వారం నుంచీ ఎదురుగా కూర్చుంటున్నావు. నీ ప్లేటేది?"

"నాదేముందమ్మలూ, నేను తర్వాత తింటాలే."

"తర్వాత అంటే ఎప్పుడు?"

లేచింది, ఒక ప్లేటు తెచ్చుకుంది, ఒక రొట్టె ముక్కలో సగం తుంచి పెట్టుకుని, నాకిది చాలు అంది. అన్నాక ఆ మాట తనకే వినిపించింది. ఎన్నిసార్లు అని ఉంటుందో, ఎవరూ అడగకముందే, పొద్దునా మధ్యాహ్నమూ, గిన్నె చివరిదాకా వచ్చినప్పుడల్లా. మళ్లీ లేచింది. రెండు రొట్టె ముక్కలకు వెన్న రాసింది, గుడ్డు పెట్టుకుంది, అరటిపండు పెట్టుకుంది, పాలు పోసుకుంది. కూర్చుని మొదటి ముక్క కొరికింది. నోరు ఎండిపోయి ఉంది, ముక్క అటూ ఇటూ తిరుగుతోందిగానీ దిగడం లేదు. పొద్దున్నే గుడ్డు వాసనకు ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంత ఎలా తింటారు ఈ వేళప్పుడు. ఈ కొండంత ఎలా తింటారు.

"పొద్దున్నపూట నువ్వు తినడం నేనెప్పుడూ చూళ్లేదమ్మా" అంది అమ్మాయి. నిష్ఠూరంగా కాదు, ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు.

ఎందుకు తినను, ఆ మధ్య సముద్రానికి వెళ్లినప్పుడు అనబోయింది. సముద్రానికి వెళ్లినప్పుడు అందరికీ పొట్లాలు కడుతూ నిలబడింది. పుట్టినరోజుకు. పుట్టినరోజున గౌనుకు కాజాలు కుడుతూ టీ తాగింది. పిల్ల చిన్నప్పుడు, మరీ చిన్నప్పుడు, ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టినప్పుడు, పిల్ల వదిలేసింది రెండు ముద్దలు తిని లేచింది. ఒక్క పొద్దు, ఈ బల్ల దగ్గర, ఈ కుర్చీలో, తన ప్లేటు తన ముందు పెట్టుకుని. వెతికింది. ఇన్నేళ్ల పొద్దుల్లో వెతికింది. పిల్ల కళ్లు పుట్టినప్పటినుంచీ తెరుచుకునే ఉన్నాయి, అవి ఏం చూశాయో అదే నేర్చుకున్నాయి, ఈవిడ ఊరంతా తిరిగి దొంగ కోసం వెతుకుతోంది. అమ్మలూ, అనబోతే గొంతులో రొట్టె అడ్డం పడింది. పాలు తాగి దించుకుంది.

ఇద్దరూ తిన్నారు. అమ్మాయి మిగిలిన గుడ్డు తింది, తుంచిన రొట్టె ముక్కల్లో కొన్ని తింది, సగం పాలు తాగింది. ఈ వారంలో ఇదే ఎక్కువ. బయట మెట్ల మీద ఆయన దగ్గాడు, ఆసుపత్రికి వేళయిందన్న దగ్గు. ప్లేటులో ఇంకా ఒక రొట్టె, ఒలవని అరటిపండు ఉన్నాయి. అమ్మాయి వాటిని తల్లి వైపు మెల్లగా జరిపింది.

"తీసేయమ్మా. నాన్నకు కూడా చెప్పొద్దు. అంతా తినేసిందని డాక్టరుగారికి చెప్పు."

తీసేయడం ఎంతసేపు. బుట్ట పక్కనే ఉంది. చెబితే పిల్ల ఇవాళ ఇంట్లోనే పడుకుంటుంది, గొట్టం ఉండదు, రేపు ఇద్దరూ ఇలాగే కూర్చుంటారు, ఇవాళ ఇంత తింది కదా, రేపు ఇంకొంచెం తింటుంది. కనబడకుండా సర్దడమే కదా ఇన్నేళ్లుగా చేసిన పని, అడిగినవాళ్లకల్లా చేసింది, కన్నబిడ్డ నోరు తెరిచి అడుగుతుంటే చేయదా. చెయ్యి ప్లేటు మీదికి వెళ్లింది కూడా.

"లేదు తల్లీ" అంది. "ఉన్నదున్నట్టే చెప్తాను."

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "నన్నక్కడ వదిలేసి వచ్చేస్తావు."

తల్లి అవునన్నట్టు తల ఊపింది.

"అయితే నీ సంగతి కూడా చెప్పు" అంది అమ్మాయి. "నువ్వూ తినవని చెప్పు. నా ఒక్కదాని గురించే చెప్పకు."

"చెప్తాను."

"నేనుండగా చెప్పాలి."

"నీ ముందే చెప్తాను."

తలుపు తీసుకుని తండ్రి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా సంచీ భుజానికి తగిలించుకుని, పిలవడానికి పేరు దొరక్క కూతురి తల మీద చెయ్యి వేశాడు. అమ్మాయి చెప్పులు వేసుకుంది. తల్లి రెండు ప్లేట్లూ తీసి తొట్టిలో పెట్టడానికి లేచింది.

"నీది కూడా మిగిలింది" అంది అమ్మాయి తలుపు దగ్గర్నుంచి.

చూసుకుంది. అంతా తినేశాననే అనుకుంది, కానీ ఒక రొట్టె అలాగే ఉంది, గుడ్డు సగం ఉంది. ఆలస్యమవుతోందని ఆ సగం గుడ్డు గబుక్కున చేతిలోకి తీసుకుని నిలబడే నోట్లో పెట్టుకోబోయింది.

"కూర్చుని తినమ్మా."

కూర్చుంది. సంచీ భుజాన వేసుకుని ఆయన గుమ్మంలో, ఆయన పక్కన స్వెటరు గుండీలు పెట్టుకుంటూ అమ్మాయి. తల్లి నమిలింది, మింగింది, రొట్టె తీసుకుంది. అది చివరిదాకా అయ్యేవరకూ అమ్మాయి బయటికి అడుగు పెట్టలేదు.